అమెరికా కళాశాల క్రీడాకారులు: చదువు, నాయకత్వం, సమాజ సేవ

అమెరికాలో ఒక కళాశాలలో డిగ్రీ చదువుతూ ఆ కళాశాల జట్టు తరఫున పోటీల్లో పాల్గొనేవారిని విద్యార్థి క్రీడాకారులు అంటారు. నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ (ఎన్‌సీఏఏ) కింద సుమారు 1,100 విద్యాసంస్థలున్నాయి. వాటిలో ఆడేవారు ఐదు లక్షలకు పైమాటే. చదువు ముగిశాక ఆటనే వృత్తిగా చేసుకోగలిగేవారు వీరిలో రెండు శాతం కూడా ఉండరు. మిగిలినవారంతా ఉద్యోగాలకో, పైచదువులకో, సొంత వ్యాపారాలకో వెళ్లవలసినవారే. ఆటకు ఇచ్చే గంటలు చదువును మింగేయకుండా చూడటం, జట్టులో అలవడిన నాయకత్వాన్ని మైదానం బయటకు తీసుకురావడం, చుట్టూ ఉన్న ఊరితో వారికి సంబంధం కలపడం అనే బాధ్యతలను అమెరికా విశ్వవిద్యాలయాలు చాలా ఆలస్యంగా గుర్తించాయి. గుర్తించాక ఇంత విస్తారంగా ఏర్పాట్లు చేసిన దేశం మరొకటి లేదు.

నేపథ్యం

కళాశాలల మధ్య తొలి పోటీ 1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థుల పడవ పందెం. అప్పట్లో జట్టును కూడగట్టడం నుంచి ఖర్చులు భరించడం దాకా అన్నీ విద్యార్థులే చూసుకునేవారు. అమెరికన్ ఫుట్‌బాల్ పుంజుకున్నాక ప్రేక్షకులు, డబ్బు, పరువు పట్టింపు కలిసి వచ్చాయి. దెబ్బలు తగిలి ఆటగాళ్లు చనిపోవడం పెరగడంతో 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కల్పించుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఏర్పడిన సంఘమే 1910లో ఎన్‌సీఏఏ అనే పేరు పెట్టుకుంది. ఆటగాళ్ల ప్రాణరక్షణ కోసం పుట్టిన ఆ సంఘానికి వారి చదువు అప్పటికి పెద్ద విషయం కాదు. కళాశాల క్రీడల్లో వ్యాపార ధోరణి ముదిరిందనీ, దానివల్ల చదువు వెనకబడుతోందనీ కార్నెగీ ఫౌండేషన్ 1929లోనే సుదీర్ఘమైన నివేదికలో హెచ్చరించింది. ఆ హెచ్చరికను పట్టించుకున్నవారు తక్కువ.

ఆటలో ప్రతిభను బట్టి స్కాలర్‌షిప్ ఇవ్వడాన్ని ఎన్‌సీఏఏ 1956లో అధికారికంగా ఒప్పుకుంది. స్కాలర్‌షిప్ పుచ్చుకుని ఆడేవాడు కళాశాలకు ఉద్యోగి అవుతాడా అన్న ప్రశ్న ఆ రోజుల్లోనే న్యాయస్థానాలకెక్కింది. మైదానంలో తలకు దెబ్బ తగిలి మరణించిన ఒక ఆటగాడి భార్య కార్మిక నష్టపరిహారం కోరగా, కొలరాడో సుప్రీంకోర్టు 1957లో కుదరదని తీర్పు ఇచ్చింది. ఆటగాళ్లు ముందుగా విద్యార్థులేనని కళాశాలలు చట్టం ముందు గట్టిగా వాదించాయి. అలా వాదించినప్పుడు వారికి నిజంగా చదువు చెప్పాలి కదా! ఈ నైతిక భారం మాత్రం కళాశాలల తలకెక్కడానికి మరో ముప్పయ్యేళ్లు పట్టింది.

1973లో స్కాలర్‌షిప్‌ను ఏటా తిరగరాసే పద్ధతి వచ్చింది. కోచ్‌కు నచ్చకపోతే మరుసటి ఏడాది చేతికి సాయం అందేది కాదు. అలాంటప్పుడు ప్రయోగశాల తరగతికీ సాధనకూ సమయం ఢీకొంటే ఏది వదులుకోవాలో విద్యార్థికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అదే ఏడాది సంస్థలను మూడు డివిజన్లుగా విడదీశారు. ఒకటో డివిజన్‌లో పెద్ద స్కాలర్‌షిప్పులు, రెండో దానిలో పాక్షిక సాయం ఉంటాయి. మూడో డివిజన్‌లో ఆటను చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ అసలే లేదు. 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించడంతో మహిళల జట్లు వేగంగా పెరిగాయి. ఎన్‌సీఏఏ మహిళల జాతీయ పోటీలు 1981-82లో మొదలయ్యాయి. పట్టా పొందడంలో మహిళా జట్లు మొదటినుంచీ పురుషుల జట్ల కంటే ముందున్నాయి.

అర్హత నిబంధనలు

చదువు సంగతి దేశమంతా చర్చించుకునేలా చేసినవి 1980లలో బయటపడిన ఉదంతాలు. ఓక్లహోమా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడి, వాషింగ్టన్ వృత్తి ఫుట్‌బాల్ జట్టులో పేరు తెచ్చుకున్న డెక్స్టర్ మాన్లీ, తనకు కళాశాలలో చేరినప్పుడూ వదిలినప్పుడూ సరిగా చదవడం రాదని 1989లో సెనేట్ కమిటీ ముందు కన్నీళ్లతో చెప్పాడు. జార్జియా విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ బోధించే జాన్ కెంప్, తప్పిన ఫుట్‌బాల్ ఆటగాళ్లను పై తరగతులకు పంపడాన్ని ప్రశ్నించి ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆమె వేసిన దావాలో 1986లో జ్యూరీ ఆమె పక్షాన నిలిచి 25 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. తర్వాత ఆ మొత్తం తగ్గింది గానీ ఆమెకు ఉద్యోగం తిరిగి దక్కింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు రాజీనామా చేశారు. ఒక అధ్యాపకురాలి పట్టుదల అంత పెద్ద వ్యవస్థను కదిలించగలిగింది.

1983లో ఆమోదం పొంది 1986లో అమలుకొచ్చిన ‘ప్రపోజిషన్ 48’ ఒకటో డివిజన్‌లో మొదటి ఏడాదే ఆడాలంటే హైస్కూలులో 11 ముఖ్య సబ్జెక్టుల్లో గ్రేడు సగటు (జీపీఏ) 2.0, శాట్ పరీక్షలో 700 మార్కులు కావాలంది. శాట్ గీత నల్లజాతి పేద విద్యార్థుల మీద ఎక్కువ దెబ్బ వేస్తుందన్న విమర్శ వెంటనే వచ్చింది. ఆ నిబంధనను ఇంకా బిగించబోయినప్పుడు, జార్జ్‌టౌన్ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ థాంప్సన్ 1989 జనవరిలో ఆట మొదలయ్యే ముందు కోర్టు వదిలి వెళ్లి నిరసన తెలిపాడు. తర్వాతి దశాబ్దాల్లో గీతలు చాలాసార్లు మారాయి. ఇప్పుడు 16 ముఖ్య సబ్జెక్టులు, వాటిలో సగటు 2.3 ఉండాలి. 2023లో శాట్ నిబంధనను పూర్తిగా ఎత్తేశారు.

చేరాక చూపవలసిన ప్రగతికీ లెక్క ఉంది. రెండో ఏడాది ముగిసేసరికి ఎంచుకున్న డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తి కావాలి. చేతికందిన తేలిక కోర్సులన్నీ తీసుకుని క్రెడిట్లు పోగేసుకునే పాత అలవాటును ఈ నిబంధన అరికట్టింది. అయితే దీనివల్ల మరో చిక్కు వచ్చింది. రెండో ఏడాది మధ్యలో ఇంజనీరింగ్ మీదకో జీవశాస్త్రం మీదకో మనసు మళ్లితే, అప్పటిదాకా సాధించిన క్రెడిట్లు కొత్త డిగ్రీకి లెక్కకు రాక విద్యార్థి ఆడే హక్కు కోల్పోవచ్చు. మామూలు విద్యార్థికి ఉన్న మనసు మార్చుకునే స్వేచ్ఛ ఇతనికి లేదు. ఒకే జట్టులో నాలుగోవంతు మందికి పైగా ఒకే సబ్జెక్టులో చేరడాన్ని పరిశోధకులు 1980ల నుంచే గమనిస్తున్నారు. సాధన వేళలకు అడ్డురాని సబ్జెక్టు, అర్హతకు ముప్పు తేని సబ్జెక్టు అందరినీ తనవైపు లాగుతుంది. పట్టా వచ్చినా అది తాను కోరుకున్న పట్టా కాకపోవచ్చు. ఈ వ్యవస్థలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే.

క్యాంపస్‌లో సహాయం

నిబంధన ప్రకారం కోచ్ ఆధ్వర్యంలో సాధన, పోటీలు కలిపి రోజుకు నాలుగు గంటలు, వారానికి 20 గంటలు దాటకూడదు. వారంలో ఒకరోజు సెలవు ఉండాలి. 1991 నుంచి ఇదే పద్ధతి. ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం, ‘స్వచ్ఛందంగా’ చేసే కసరత్తు ఈ లెక్కలోకి రావు. అవన్నీ కలిపితే ఒకటో డివిజన్ క్రీడాకారులు వారానికి 30 గంటలకు మించి ఆటకే ఇస్తున్నారని ఎన్‌సీఏఏ స్వయంగా జరిపిన సర్వేలే చెబుతున్నాయి. తెల్లవారుజామున బరువులెత్తడంతో మొదలై, తరగతులు, సాధన, భోజనం అయ్యాక రాత్రి పుస్తకం తెరిచే విద్యార్థికి కొరవడేది తెలివి కాదు, నిద్ర, తీరిక. చదువు సహాయమంతా ఈ వాస్తవం నుంచే మొదలవుతుంది.

పెద్ద విశ్వవిద్యాలయాల్లో ప్రతి జట్టుకూ ఒక అకడమిక్ అడ్వైజర్ ఉంటారు. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు, ఏ ప్రయాణానికి ఏ తరగతి పోతుంది, ఆ సంగతి అధ్యాపకులకు ముందే లేఖతో ఎలా తెలపాలి అన్నవి వీరి పని. సబ్జెక్టు ట్యూటర్లు, చదవడంలో ఇబ్బంది ఉన్నవారికి ప్రత్యేక నిపుణులు, మొదటి ఏడాది వారికి తప్పనిసరి స్టడీ హాల్ ఉంటాయి. మధ్యంతర మార్కులు రాగానే వెనకబడినవారిని పిలిచి మాట్లాడతారు. ఈ వృత్తిలో ఉన్నవారికి 1970ల నుంచీ జాతీయ సంఘం ఉంది. ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో 2010లో తెరిచిన జాక్వా సెంటర్ క్రీడాకారుల చదువుకోసమే కట్టిన గాజు భవనం. నైకీ సంస్థాపకుడు ఫిల్ నైట్ విరాళంతో లేచింది. మిగతా విద్యార్థులకు లేని ఇంత వసతి వీరికే ఎందుకన్న ప్రశ్న అక్కడ గట్టిగా వినిపించింది. వారి ఖాళీ సమయాన్ని విశ్వవిద్యాలయమే తీసుకుంటోంది కాబట్టి సాయం అదనంగా ఇవ్వడం న్యాయమే. కానీ తోటి విద్యార్థుల నుంచి వారిని విడదీసి ఒక భవనంలో కూర్చోబెట్టడం వల్ల కళాశాల జీవితంలో సగం వారికి దూరమవుతుంది.

పీటర్, పాట్రీషియా ఆడ్లర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఒక బాస్కెట్‌బాల్ జట్టుతో కొన్నేళ్లు కలిసిమెలిసి ఉండి 1991లో ‘బ్యాక్‌బోర్డ్స్ అండ్ బ్లాక్‌బోర్డ్స్’ అనే పుస్తకం రాశారు. ఆ జట్టులోకి వచ్చినవారిలో చాలామంది చదువుకోవాలన్న నిజమైన కోరికతోనే వచ్చారు. అలసట, తరగతిలో తక్కువ చూపు, అన్నీ పక్కవారే నిర్ణయించడం కలిసి ఏడాది తిరిగేసరికి ఆ కోరికను చల్లార్చాయి. ఆటగాడిననే భావనే మనిషి ఉనికి మొత్తాన్నీ ఆక్రమించే స్థితిని కొలిచేందుకు మనస్తత్వవేత్తలు 1993లో ఒక ప్రశ్నావళి రూపొందించారు. గాయమై ఆట ఆగిపోయినప్పుడు అలాంటివారు ఎక్కువగా కుంగిపోతారు. అందుకే నేటి సహాయ కేంద్రాల్లో మానసిక వైద్య నిపుణులు కూడా ఉంటున్నారు.

అడ్వైజర్ ఎవరికి జవాబుదారీ అన్నది చిన్న విషయంలా కనిపించినా నిర్ణయాత్మకమైనది. క్రీడా విభాగం జీతమిచ్చే అడ్వైజర్ మీద ఈ శనివారం ఆటకు ఆటగాడిని సిద్ధం చేయాలన్న ఒత్తిడి పడుతుంది. విద్యావిభాగం అధికారి కింద పనిచేసే అడ్వైజర్‌కు విద్యార్థి పట్టా ముఖ్యం. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు అడ్వైజర్లను ప్రోవోస్ట్ కార్యాలయం కిందికి తెచ్చాయి. క్రీడా విభాగాన్ని గమనిస్తూ ఉండటానికి ప్రతి సంస్థా ఒక అధ్యాపక ప్రతినిధిని నియమించాలన్న నిబంధన కూడా ఉంది.

కొలమానాలు, అవి తప్పిన చోట

పట్టా పొందినవారి శాతాన్ని బహిరంగపరచాలని 1990లో కేంద్ర చట్టం వచ్చింది. 2000ల మొదట్లో, మైల్స్ బ్రాండ్ ఎన్‌సీఏఏ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, జట్టు మొత్తాన్ని బాధ్యులను చేసే ‘అకడమిక్ ప్రోగ్రెస్ రేట్’ వచ్చింది. లెక్క సులువు. స్కాలర్‌షిప్ పొందే ప్రతి ఆటగాడికీ సెమిస్టర్‌కు రెండు పాయింట్లు: ఆడే అర్హత నిలుపుకుంటే ఒకటి, కళాశాలలోనే కొనసాగితే ఒకటి. పదముగ్గురు ఆటగాళ్ల జట్టుకు ఏడాదికి 52 పాయింట్లు రావాలి. రెండు పోతే 50, వెయ్యికి లెక్కేస్తే 962. నాలుగేళ్ల సగటు 930 కంటే తగ్గితే జాతీయ పోటీల్లో ఆడనివ్వరు. 2011లో జాతీయ విజేత అయిన కనెక్టికట్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టును ఈ నిబంధన కిందే 2013 పోటీల నుంచి తప్పించారు. చదువు సరిదిద్దుకుని తిరిగొచ్చిన ఆ జట్టు 2014లో మళ్లీ విజేతగా నిలిచింది.

ఎన్‌సీఏఏ సొంత లెక్క ప్రకారం ఒకటో డివిజన్‌లో ఇటీవల ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది పట్టా పొందుతున్నారు. మంచి మార్కులతో వేరే కళాశాలకు మారినవారిని ఆ లెక్కలోంచి తీసేస్తారు. కేంద్ర ప్రభుత్వ లెక్కలో వారిని పట్టా పొందనివారిగానే చూస్తారు కాబట్టి ఆ శాతం బాగా తక్కువగా కనిపిస్తుంది. ఏ లెక్క చూసినా మూడు దశాబ్దాల్లో మెరుగుదల మాత్రం నిజం.

శాతం మీదే దృష్టి పెడితే ఏమవుతుందో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్ హిల్ క్యాంపస్ చూపించింది. అక్కడ ఆఫ్రికన్, ఆఫ్రో-అమెరికన్ అధ్యయన విభాగంలో 1993 నుంచి 2011 దాకా తరగతులే జరగని కోర్సులు నడిచాయి. ఒక్క వ్యాసం ఇస్తే మంచి గ్రేడు వచ్చేది. మూడు వేలకు పైగా విద్యార్థులు వాటిలో చేరారనీ, నమోదుల్లో దాదాపు సగం క్రీడాకారులవేననీ 2014లో వెలువడిన వైన్‌స్టీన్ నివేదిక తేల్చింది. క్రీడాకారుల అడ్వైజర్లే కొందరు వారిని అటు నడిపించారు. మిగతా విద్యార్థులకూ ఆ కోర్సులు తెరిచే ఉన్నాయి కాబట్టి తమ నిబంధనల కింద శిక్షించలేమని 2017లో ఎన్‌సీఏఏ చేతులెత్తేసింది. నష్టపోయింది మాత్రం ఆ కోర్సుల్లో ఏమీ నేర్చుకోకుండా బయటికొచ్చిన విద్యార్థులే.

నాయకత్వం

జట్టుకు కెప్టెన్ ఉన్నంత మాత్రాన నాయకత్వం నేర్పినట్టు కాదు. అమెరికాలో ఈ శిక్షణకు రూపమిచ్చినవారిలో ముందుగా చెప్పుకోవలసినది జార్జియా టెక్ క్రీడా డైరెక్టర్ హోమర్ రైస్. ఆటగాడి మొత్తం వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దాలని ఆయన 1980లలో నడిపిన కార్యక్రమాన్ని నమూనాగా తీసుకుని ఎన్‌సీఏఏ 1990లలో ‘చాంప్స్ లైఫ్ స్కిల్స్’ను దేశమంతటికీ విస్తరించింది. చదువు, ఆట, వ్యక్తిత్వం, ఉద్యోగ సన్నద్ధత, సేవ అనే అంశాలను ఒకే చూపుతో చూడటం దాని ప్రత్యేకత. నార్త్ కరోలినాలో 2004లో మొదలైన లీడర్‌షిప్ అకాడమీ వంటివి కొత్తగా చేరినవారికీ సీనియర్లకూ వేర్వేరు పాఠాలు చెబుతాయి.

నిర్ణయాల్లో నిజంగా పాలుపంచుకున్నప్పుడే నాయకత్వం వంటబడుతుంది. 1989 నుంచి ఎన్‌సీఏఏకు జాతీయ స్థాయిలో విద్యార్థి క్రీడాకారుల సలహా సంఘం ఉంది. ప్రతి కళాశాలలోనూ దాని శాఖలున్నాయి. చాలాకాలం అది సలహాలతోనే సరిపెట్టుకుంది. 2015 జనవరిలో ఐదు అతిపెద్ద కాన్ఫరెన్సులకు (కళాశాలల పోటీ కూటములకు) చెందిన 65 విశ్వవిద్యాలయాలతో పాటు 15 మంది విద్యార్థులు కూడా ఓటు వేసే హక్కు పొందారు. అదే ఏడాది నవంబరులో మిస్సోరి విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఆటగాళ్లు, క్యాంపస్‌లో జాతివివక్షపై నిరసన తెలుపుతున్న తోటి విద్యార్థులకు మద్దతుగా ఆడబోమని ప్రకటించారు. రెండు రోజుల్లో విశ్వవిద్యాలయ వ్యవస్థ అధ్యక్షుడు రాజీనామా చేశారు. అది పాఠ్యప్రణాళికలో రాసుకున్న నాయకత్వం కాదు. అయినా ఆటగాళ్లకు తమ మాటకున్న బరువు తెలిసింది. 2020లో జార్జియా టెక్ సహాయ కోచ్ ఒకరు మొదలుపెట్టిన ప్రచారం ఫలించి, ఎన్నికల రోజున ఒకటో డివిజన్‌లో సాధనలు, పోటీలు పెట్టకూడదన్న నిబంధన వచ్చింది.

సమాజ సేవ

దగ్గర్లోని బడికి వెళ్లి పిల్లలతో పుస్తకాలు చదివించడం, ఆహార బ్యాంకుల్లో పనిచేయడం, ఆసుపత్రుల్లో పిల్లలను పలకరించడం ఎక్కువ జట్లు చేసే పనులు. రెండో డివిజన్ 2003 నుంచి మేక్-ఎ-విష్ సంస్థకు నిధులు కూడగడుతోంది. మూడో డివిజన్ 2011 నుంచి స్పెషల్ ఒలింపిక్స్‌తో కలిసి మేధోవైకల్యం ఉన్న క్రీడాకారులకు పోటీలు నిర్వహిస్తోంది. పెద్ద జబ్బుతో ఉన్న పిల్లవాడిని జట్టు సభ్యుడిగా చేర్చుకుని, సీజన్ పొడవునా తమతో తిప్పుకునే ‘టీమ్ ఇంపాక్ట్’ కూడా 2011లోనే మొదలైంది.

ఒక మధ్యాహ్నం వెళ్లి ఫొటోలు దిగి వచ్చే సేవ ఎవరికీ పెద్దగా ఉపయోగపడదు. ఎదుటివారి అవసరం దగ్గర్నుంచి చూసి ఆటగాళ్లే తలపెట్టిన పని నిలుస్తుంది. పెన్ స్టేట్ ఫుట్‌బాల్ జట్టులో ఒకరి తండ్రికి మూత్రపిండ క్యాన్సర్ అని తేలినప్పుడు, తోటి ఆటగాళ్లు 2003లో బరువులెత్తే పోటీ పెట్టి పరిశోధనకు విరాళాలు సేకరించారు. అదే పెరిగి అరుదైన జబ్బుల కోసం పలు విశ్వవిద్యాలయాల్లో పనిచేసే ‘అప్‌లిఫ్టింగ్ అథ్లెట్స్’ సంస్థ అయింది.

చదువు, ఆట, సేవ ఒకే మనిషిలో కలిసిన ఉదాహరణ ఫ్లోరిడా స్టేట్ డిఫెన్స్ ఆటగాడు మైరన్ రోల్. రెండున్నరేళ్లలో డిగ్రీ పూర్తిచేశాడు. సెమినోల్ ఆదివాసీ పిల్లల కోసం ఆరోగ్య కార్యక్రమం నడిపాడు. 2008 నవంబరు 22న అలబామాలో రోడ్స్ స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ ముగించుకుని, ఎంపికైన కబురుతో విమానమెక్కి అదే రాత్రి మేరీల్యాండ్‌లో ఆట మధ్యలో జట్టుతో కలిశాడు. తర్వాత వృత్తి ఫుట్‌బాల్ జట్లలో కొంతకాలం ఉండి, వైద్యం చదివి న్యూరోసర్జన్ అయ్యాడు. ఆడే రోజుల్లో అతని మనసు ఆట మీద పూర్తిగా ఉందా అని కొందరు శంకించారు. చదివే ఆటగాడిని అనుమానంగా చూసే ఆ ధోరణి ఇంకా పూర్తిగా పోలేదు.

డబ్బు వచ్చాక

2021 జూన్‌లో ఆల్స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్‌సీఏఏ పరిమితి పెట్టకూడదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. దాని ఫలితంగా మార్కుల్లో రాణించిన ఆటగాడికి ఏడాదికి 5,980 డాలర్ల దాకా ఇవ్వడానికి విశ్వవిద్యాలయాలకు వీలు చిక్కింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడుకునే ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ‘హౌస్’ దావా రాజీ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలైంది. 2025-26లో ఒక్కో సంస్థకు పరిమితి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు.

ఆటగాళ్ల శ్రమకు ప్రతిఫలం దక్కడం న్యాయం. చదువుకు మాత్రం కొత్త చిక్కులొచ్చాయి. ఎక్కువ డబ్బు కోసం ఏటా కళాశాల మారే ఆటగాడికి పాత క్రెడిట్లన్నీ కొత్తచోట చెల్లకపోవచ్చు. 2024లో టీవీ ఆదాయం కోసం కాన్ఫరెన్సులు మారి కాలిఫోర్నియా జట్లు తూర్పు తీరం దాకా వెళ్లి ఆడవలసి రావడంతో పోయే తరగతులు పెరిగాయి. టీవీ ఆదాయం తెచ్చేది ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అయితే, ఆ ప్రయాణాల బరువు వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిల మీదా పడింది. అడ్వైజర్లు ఇప్పుడు పన్నులు, ఒప్పందాలు, పొదుపు గురించీ చెప్పవలసి వస్తోంది.

భారతీయులు, తెలుగువారు

ఈ దారిన వెళ్లిన భారతీయుల్లో ఎక్కువమంది టెన్నిస్ ఆటగాళ్లు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007, 2008లో వరుసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ విజేత. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయం తరఫున ఆడి, తర్వాత డేవిస్ కప్‌లో భారత్‌కు ప్రాతినిధ్యం వహించాడు. నెల్లూరు నుంచి వలస వెళ్లిన దంపతుల కుమారుడు నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు చదివి, ఆడి, 2024 చివర్లో వృత్తి ఆటగాడయ్యాడు.

విద్యార్థి వీసాపై వెళ్లేవారికి పూర్తికాల చదువు వీసా షరతు కూడా. కాబట్టి కోర్సు వదులుకునే ముందు అడ్వైజర్‌నే కాక అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్నీ అడగాలి. ఉపాధిపై ఆంక్షల వల్ల ప్రకటనల ఆదాయం వీరికి అంత సులువు కాదు. పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు కోచ్‌ను మైదానం, వసతుల గురించి అడిగినట్టే, గత నాలుగేళ్లలో ఆ జట్టు ఆటగాళ్లు ఏయే సబ్జెక్టుల్లో పట్టా పొందారో, గాయమైతే స్కాలర్‌షిప్ ఏమవుతుందో కూడా అడిగి తెలుసుకోవాలి. ఒకటో డివిజన్ సంస్థలు 2024 ఆగస్టు నుంచి ఆట రాణించకపోయినా, గాయపడినా స్కాలర్‌షిప్ తీసేయకూడదు. పట్టా పూర్తికాకుండా వెళ్లిపోయిన పూర్తి స్కాలర్‌షిప్ ఆటగాడు పదేళ్లలోపు తిరిగొచ్చి చదువుకుంటానంటే, ఆ ఖర్చు సంస్థే భరించాలి.